మా తాత మరగబెట్టని దబ్బనం

సూర్యుడు పుట్టిన నాటి నుంచి మరిగించిన నీళ్లన్నీ ఒక పక్కన, మా తాత అంజిలయ్య మరిగించిన నీళ్లు ఇంకో పక్కన పెడితే, సూర్యుడు సిగ్గుపడి మబ్బు చాటుకు పోతాడు. మనవరాలిని కాబట్టి కోతలు కోస్తున్నానని అనుకోవద్దు. ఇబ్రహీంపట్నం చెరువులో నీళ్లు తగ్గిన ప్రతి ఎండాకాలం మా వాడ వాళ్లు ముందు మా ఇంటి పొయ్యి వైపు చూసి, ఆ తర్వాతే ఆకాశం వైపు చూస్తారు.

తాత ముప్పై నాలుగేళ్లు పశువుల దవాఖానలో అటెండరుగా పనిచేశాడు. ఆ ముప్పై నాలుగేళ్లలో డాక్టర్లు మారారు, గోడల రంగులు మారాయి, ముందున్న బోర్డు మూడుసార్లు మారింది. తాత పొయ్యి మాత్రం ఆరలేదు. ఒక పశువు రక్తం అంటిన సామాను ఇంకో పశువు ఒంటిని తాకాలంటే మధ్యలో ఇరవై నిమిషాలు మరగాలి. ఆయనకు కులం, మతం, పార్టీ అన్నీ ఇదే. రిటైరై పన్నెండేళ్లయింది. దవాఖాన వాళ్లు శాలువా కప్పి ఇంటికి పంపారు. తాత ఆ శాలువాను కూడా ఒకసారి మరగబెట్టి, ఆరేసి, అప్పుడు కప్పుకున్నాడు.

నా చిన్నప్పుడు ఆయన నాకు చెప్పిన కథల్లో రాజులు లేరు, రాకాసులు లేరు. ఉన్నది ఒక్కటే, రక్తంలో ఉండే పురుగు.

"కండ్లకు కానరాదే పిల్లా. సూది మీదెక్కి కూసుంటది. మనం బస్సెక్కి యాచారం పోయినట్టు, అది సూదెక్కి ఒక బర్రె కాడికెంచి ఇంకో బర్రె కాడికి పోతది."

"టికెట్ తీస్కుంటదా తాతా?"

"తీస్కోదు. అందుకే నడుమల దింపాలె."

దింపడానికి ఒక పద్ధతి ఉంది. మా ఇంట్లో అన్నం తినడం నేర్చుకోకముందే పిల్లలు ఈ పద్ధతి నేర్చుకుంటారు. ముందు చల్లటి నీళ్లలో కడగాలి. రక్తం ఉండగానే ఉడుకునీళ్లలో వేస్తే అది గుడ్డు అట్టులా ఇనుముకు అతుక్కుపోతుంది, పురుగు దాని కింద దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. కడిగిన తర్వాత మరిగించాలి. పొయ్యి వెలిగించినప్పటి నుంచి కాదు, నీళ్లు తెర్లడం మొదలైనప్పటి నుంచి ఇరవై నిమిషాలు లెక్కపెట్టాలి. తీశాక ఉతికిన గుడ్డ మీద ఆరబెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, లుంగీకి తుడవకూడదు. లోకంలో జరిగే పాపాలన్నిటిలో లుంగీకి తుడవడం మొదటిదని తాత గట్టి నమ్మకం.

ఈ సూత్రాన్ని పశువుల దగ్గరే ఆపి ఉంటే ఆయన గురించి రాయవలసిన పని లేదు.

సెలూన్‌కు పోయేటప్పుడు ఆయన చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంటుంది. కొత్తవాళ్లు, పాపం పెద్దాయన గడ్డం గీయించుకుని అక్కడే తినిపోతాడేమో అనుకుంటారు. డబ్బా తెరిస్తే, సెలూనాయన దగ్గరి నుంచే తెచ్చి మరగబెట్టిన కత్తెర, దువ్వెన ఆవిర్లు కక్కుతూ కనిపిస్తాయి. నాకు మూడేళ్లప్పుడు చెవులు కుట్టడానికి బంగారం పనిచేసే అవుసలాయన మా ఇంటికి వస్తే తాత సూదిని మరగబెట్టాడు, దారాన్ని మరగబెట్టాడు, బంగారు పోగుల్ని మరగబెట్టాడు.

"నన్ను గూడ ఏస్తవా ఏంది కుక్కర్ల?" అని అడిగాడు అవుసలాయన.

"నువ్వు పట్టవ్. చేతులు కడుక్కో, చాలు."

ఆ లోపల ముహూర్తం పోయింది, నేను నిద్రపోయాను. నిద్రలోనే కుట్టారు. మా వాడలో చెవులు కుట్టినప్పుడు ఏడవని పిల్లను నేనొక్కదాన్నే.

కుక్కర్ అన్నాను కదా, ఆ కుక్కర్ మా నాయనమ్మ శంకరమ్మది. పుట్టింటి వాళ్లు పేరు చెక్కించి ఇచ్చిన ఐదు లీటర్ల కుక్కర్. పెండ్లయిన మూడో నెలలో తాత దాన్ని "రెండు దినాలకు" దవాఖానకు తీసుకుపోయాడు. నా చెవులు కుట్టిన రోజులాగా ఎప్పుడైనా ఒక పూట వచ్చిపోవడమే తప్ప, అది రిటైరయ్యే రోజునే ఆయనతో పాటు తిరిగి వచ్చింది.

"బర్రెల సూదులకేమో కుక్కరు, మనుషుల పప్పుకేమో చెవుల గిన్నెనా?" అని నాయనమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

"పప్పు ఒకని కడుపులకెంచి ఇంకొకని కడుపులకు పోతదా? పోదు గద!" అంటాడు తాత. ఆమె గంటెతో చెవుల గిన్నెను ఠంగుమని కొడుతుంది.

నా చదువు ఆగిపోవడానికీ ఈయనే కారణం. ఇంటర్ జువాలజీ పరీక్షలో పరికరాలను క్రిమిరహితం చేసే విధానం రాయమంటే నేను లుంగీతో సహా మూడు పేజీలు రాశాను. ఒక్క మార్కు వచ్చింది. అది లుంగీకే వచ్చి ఉంటుంది. శేరిగూడ ఇంజనీరింగు కాలేజీల బస్సులు మా వాడ చివరి నుంచే పోతాయి. నేను చెయ్యి ఊపుతాను, అవి ఆగవు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా వాడలో ఒక ఆచారం ఉంది. వానలు తగ్గిన తర్వాత ఒక మంచి రోజు చూసుకుని, కట్టుకు లొంగని పశువులన్నిటికీ వరసగా ముక్కులు కుట్టి ముకుతాళ్లు వేస్తారు. కుట్టేది గోనె సంచులు కుట్టే దబ్బనం లాంటిదే, కాకపోతే జానెడు పొడవుంటుంది. అది రాంచంద్రారెడ్డి పటేలు వాళ్ల తాత చేయించినది. దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి చెక్కపెట్టెలో దాచుతారు. మొదలుపెట్టిన తర్వాత దాన్ని నేల మీద పెట్టకూడదు, నీళ్లలో ముంచకూడదు, చివరి పశువు దాకా చెయ్యి ఆపకూడదు. ఆపితే మంద చెదిరిపోతుందని నమ్మకం. ఒకే దబ్బనం, వరసగా అన్ని ముక్కులు, అన్ని రక్తాలు. మా తాతకు ఈ ఆచారం గురించి వింటేనే జ్వరం వస్తుంది.

రిటైరైన ఏడాదే తాత ఇబ్రహీంపట్నం బజారుకు పోయి పదిహేను దబ్బనాలు కొనుక్కొచ్చాడు. ముందు రోజే అన్నిటినీ మరగబెట్టి, తెల్లగుడ్డలో చుట్టి, ముక్కులు కుట్టే చోట అడ్డంగా కూర్చున్నాడు.

"పశువుకొకటి. ఇట్లయితెనే కుట్టనిస్త. లేకుంటె ముందుగాల నా ముక్కు కుట్టుండ్రి."

ఆ ఆఖరి మాటకు ఒకరిద్దరు ఉత్సాహంగా ముందుకు వచ్చారు గానీ పెద్దవాళ్లు ఆపారు. చివరికి రాజీ కుదిరింది. పటేలు దబ్బనాన్ని ప్రతి పశువు నొసటికి ఆనించాలి, ముక్కు మాత్రం తాత దబ్బనంతో కుట్టాలి. పదకొండేళ్లు అలాగే జరిగింది. ఒక్క పశువుకూ ఏ రోగమూ రాలేదు. కానీ రాంచంద్రారెడ్డికి లోపల కుతకుత. వాళ్ల తాత చేయించిన దబ్బనం పదకొండేళ్లుగా బొట్టు పెట్టడానికి తప్ప పనికి రాకుండా పోయింది మరి.

పోయిన ఏడాది తాతకు కంటిలో పొర వచ్చింది. ఆపరేషన్‌కు హైదరాబాదు కండ్ల దవాఖానకు నేను తీసుకుపోయాను. బల్ల మీద పడుకోబెట్టాక కుర్ర డాక్టరు, "తాతా, కదలకు" అన్నాడు.

"కదల గని, కత్తి ఎన్ని నిమిషాలు మరగబెట్టిన్రు?"

"మెషిన్ల పెట్టినం తాతా."

"మెషిన్ల ఎన్ని నిమిషాలు?"

డాక్టరు నర్సును అడిగాడు. నర్సు ఆ మెషిను చూసుకునే ఆయన్ని పిలిపించింది. ఆయన వచ్చి ఆవిరి గురించి, ఒత్తిడి గురించి వివరంగా చెప్పాడు. తాత ఇంకా వివరంగా అడిగాడు. ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది, ఈ మాటలు గంటసేపు సాగాయి. డిశ్చార్జి అయ్యే దాకా ఆ మెషినాయన రోజూ తాతకు చాయ్ తెచ్చిచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. ఆయన మాటలు వినేవాళ్లు ఆ దవాఖానలో అంతవరకు ఎవరూ దొరకలేదట.

ఆపరేషన్ రోజు సాయంత్రం నాయనమ్మ ఫోన్ చేసింది.

"హర్షితా, నీ తాతకు చెప్పకు. ఇయ్యాల వాడల ముక్కులు కుట్టిన్రు."

"ఇయ్యాల్నా? ఎవరి దబ్బనంతోని?"

"ఇంకెవరిది, పటేలుది. పదిహేను పశువులకు ఒక్కటే. అంజిలయ్య లేని రోజు కంటె మంచి ముహూర్తం దొరకదన్నడట."

నేను తిరిగి చూశాను. కట్టు కట్టింది కంటికి, చెవులకు కాదు. తాత అప్పటికే మంచం దిగి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఏడికి తాతా?"

"బస్టాండుకు."

నర్సు, నేను, మెషినాయన కలిసి ఆయన్ని మళ్లీ పడుకోబెట్టేసరికి మా ముగ్గురికీ చెమటలు పట్టాయి.

సరిగ్గా పన్నెండో రోజున పటేలు ఎద్దు మేత మానేసింది. పదమూడో రోజున కట్టుగుంజ చుట్టూ గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టింది. ఇంకో మూడు ఇళ్లలో పశువులకు జ్వరాలు వచ్చాయి, కండ్ల నుంచి నీళ్లు కారాయి. నల్లద్దాలు పెట్టుకుని తాత అందరి కొట్టాలూ తిరిగాడు. ఎద్దు రెప్ప కింది పొరను లాగి చూసి, "సర్రా" అన్నాడు. రక్తంలో ఉండే పురుగుతో వచ్చే రోగం అది. జోరీగలు కుడితే వస్తుంది, రక్తం అంటిన సూది గుచ్చినా వస్తుంది.

అప్పటికప్పుడు పోయి డాక్టరమ్మ శ్రీసుధను తీసుకొచ్చాడు. ఆమె వాళ్లది కోస్తా వైపు, మా దవాఖానకు వచ్చి ఏడాదే అయింది. వాడలో ముక్కు కుట్టిన పదిహేను పశువులకూ, తాత బలవంతం మీద మా కొట్టంలో ఉన్న బర్రెకూ దూడకూ, చెవి కొన నుంచి రక్తపు చుక్క తీసి గాజు పలకల మీద పూసింది.

"సూది మార్చినవా మేడం?"

"మార్చానండీ."

రెండో పశువు. "సూది మార్చినవా మేడం?"

"మార్చానండీ."

పది పశువులు దాటాక ఆమె తాత నోరు తెరవకముందే "మార్చానండీ" అనడం మొదలుపెట్టింది. చివరి దూడ దగ్గర తాత తుమ్మబోతే దానికీ "మార్చానండీ" అంది.

ముక్కు కుట్టిన వాటిలో ఐదింటికి రోగం ఉందని తేలింది. పటేలు ఎద్దు, ఇంకో ముగ్గురి పశువులు, సుసన్న ఆవు. మా బర్రె, దూడల సంగతి ఎవరూ అడగలేదు.

సుసన్న గురించి చెప్పాలి. ఆమె మా వాడ చివరి ఇంట్లో ఉంటుంది. యాచారం వైపు భూములు సర్కారు తీసుకున్నప్పుడు వాళ్ల అక్క పశువులన్నిటినీ అమ్ముతుంటే, ఒక్క ఆవును ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని తెచ్చుకుంది. పొద్దున మూడు లీటర్లు, సాయంత్రం రెండు. ఆ పాల మీదే ఆమె ఇల్లు, ఇద్దరు పిల్లల బడి. ఆవు తాళ్లు తెంపుకుని పోతుందని ఆ రోజు దానికీ ముక్కు కుట్టించింది. వరసలో మూడోది.

పాల కేంద్రం అరుగు మీద రాంచంద్రారెడ్డి తీర్పు చెప్పాడు. కేంద్రానికి పెద్ద ఆయనే.

"మన వాడల ఇన్నేండ్లు లేని రోగం ఇప్పుడెట్లొచ్చింది? యాచారం ఆవుతోనే వచ్చింది. వచ్చే అంగడికి దాన్ని అమ్మెయ్యాలె. గప్పటిదాంక ఆమె పాలు మన క్యాన్ల పొయ్యద్దు."

"సూదులేస్తె తగ్గుతదని మేడం చెప్పింది గద పటేలా," అంది సుసన్న. "అది లేకుంటె నేనెట్ల బతకాలె?"

"వాడ మొత్తం పశువులు పోతె అందరం ఎట్ల బతకాలె?"

అందరూ తలలూపారు. వేరేవాళ్ల ఆవును అమ్మించడం కంటే తేలికైన వైద్యం ఏముంటుంది? అంగడికి ఇంకా ఐదు రోజులుంది.

తాత ఆ ఐదు రోజుల్లో నాలుగు రోజులు గడప గడపకూ తిరిగాడు. "ఆవుదేం తప్పు లేదు. ఒక్కటే దబ్బనం పదిహేను ముక్కులల్ల దిగింది. నడుమల కడగలే, మరగబెట్టలే. దబ్బనంతోనే అంటింది" అని ప్రతి ఇంట్లో చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. అందులో వాళ్ల తప్పు లేదు. వాన రాకపోయినా, కరెంటు పోయినా, నేను ఇంటర్ తప్పినా, అన్నిటికీ మరగబెట్టకపోవడమే కారణమని ఆయన ముప్పై ఏళ్లుగా చెబుతున్నాడు. తీరా నిజంగానే మరగబెట్టకపోవడం వల్ల ఒకటి జరిగితే వినే చెవి లేదు.

"మల్ల మొదలువెట్టిండు" అని నవ్వారు. పటేలైతే తాతను చూడగానే లేచి లోపలికి పోయేవాడు. ఎర్రగుడ్డలోని దబ్బనం మీద మాట పడడం కంటే ఎద్దు పోయినా ఓర్చుకునేలా ఉన్నాడు.

నాలుగో రోజు తాత ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. పొయ్యి వెలిగించలేదు. అలా వెలిగించని పొయ్యి ముందు ఆయన కూర్చోవడం మేమెప్పుడూ చూడలేదు. నాయనమ్మ నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని.

అంగడి రేపనగా డాక్టరమ్మ పాల కేంద్రం దగ్గరికి వచ్చింది. రక్తపరీక్షల కాగితం చేతిలో ఉంది. అందరూ చేరారు. సుసన్న కూడా ఖాళీ క్యాను పట్టుకుని ఒక మూలన నిలబడింది. తాత అరుగెక్కాడు.

"ఒక్క మాట చెప్పాలె."

"మరగబెట్టాలె, గంతే గద!" అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు.

"అవ్, గదే. నేను మరగబెట్టలే."

నవ్వు ఆగిపోయింది.

"కండ్ల దవాఖానకు పొయ్యే ముందు రోజు మా దూడకు ముక్కు కుడదామని, నా దబ్బనాలు చేతికి దొరక్క, పటేలు ఇంట్లకెంచి దబ్బనం తెచ్చిన. కుట్టిన. పొద్దువోయింది, సామాన్లు సదురుకోవాలె. లుంగీకి తుడిచి మల్ల పెట్టెల పెట్టొచ్చిన. సుసన్న ఆవుకంటె ముందుగాలనే మా దూడ రక్తం దానికున్నది. రోగం మా కొట్టంలకెంచే వచ్చింది."

రోగం సంగతి తర్వాత. అంజిలయ్య, లుంగీకి తుడిచాడు!

డాక్టరమ్మ కాగితం వైపు చూసింది. తాత వైపు చూసింది. ఏదో అనబోయింది. మళ్లీ కాగితం వైపు చూసి, దాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది.

"ఏం పటేలా, నిజమేనా? దబ్బనం తీస్కపోయిండా?" అని ఒకాయన అడిగాడు.

రాంచంద్రారెడ్డి తాతను తేరిపార చూశాడు. తాత నల్లద్దాల్లోంచి ఆయన్నే చూస్తున్నాడు. పటేలు గొంతు సవరించుకున్నాడు. మీసం సవరించుకున్నాడు. కండువా కూడా సవరించుకున్నాడు. ఇక సవరించడానికి ఏమీ మిగలలేదు.

"అవ్," అన్నాడు చివరికి. "తీస్కపోయిండు. నేనే ఇచ్చిన."

ఆ తర్వాత అరుగు మీద లేచిన గోల నేను రాయలేను. ముప్పై ఏళ్లుగా తాత చేత తిట్లు తిన్నవాళ్లందరికీ ఆ రోజు పండగ. "మందికి చెప్పనీకి సిగ్గులేదానయ్యా?" అని ఒకరు. "నా కత్తెరను ఉడకబెట్టి ఉడకబెట్టి మొద్దు చేసినవ్ గద!" అని సెలూనాయన. అక్కడికక్కడే శిక్ష వేశారు. నెల రోజులు అంజిలయ్య ఇంటి పాలు కేంద్రంలో పొయ్యకూడదు. ఇకముందు వాడలో ఏ పశువుకు ఏ సామాను ముట్టించాలన్నా, అంజిలయ్య తన కట్టెలతో, తన కుక్కర్లో, అందరి కండ్ల ముందర మరగబెట్టాలి. ఎవరో ఒకరు గడియారం పట్టుకుని కూర్చోవాలి. ఈయన్ని నమ్మడానికి లేదు!

ఈ గోలలో యాచారం ఆవు సంగతి ఎవరికీ గుర్తులేదు. సుసన్న క్యానులో పాలు మర్నాడు పొద్దున మామూలుగా కొలిచి పోసుకున్నారు. మందు రాగానే ఐదు పశువులకూ డాక్టరమ్మ సూదులు వేసింది. పటేలు ఎద్దు వారంలో గుంజ చుట్టూ తిరగడం మానేసి గడ్డి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

సుసన్న ఒకసారి మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. "అన్నా..." అని ఊరుకుంది.

"ఏంది, అన్నా గిన్నా?" కసిరాడు తాత. "కొట్టంల జోరీగలు ముసురుతున్నయ్. యాపాకు పొగ వెట్టమని ఎన్నిసార్లు చెప్పాలె? పో!"

ఆమె కొంగుతో మూతి కప్పుకుని పోయింది.

మా ఇంట్లో మాత్రం ఆ నెల పాల వరద. పెరుగు, వెన్న, నెయ్యి, జున్ను కాని జున్ను. నేను రెండు కిలోలు పెరిగాను. అయినా నేను తాతను వదల్లేదు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది నేనే. దవాఖానకు పోయే ముందు రోజు నేను నాదర్‌గుల్‌లో దోస్తు పెండ్లికి పోయి ఉన్నాను కాబట్టి ఆయన చెప్పింది మొత్తం నమ్మేశాను. "లుంగీ తాతా, అన్నానికి రా" అని పిలిచేదాన్ని. వచ్చి తినేవాడు. ఆ రోజు ఇంట్లోనే ఉన్న నాయనమ్మ ఒక్క మాట అనలేదు. కుక్కర్ అడగడం కూడా మానేసింది. అది చూసైనా నాకు అర్థం కావలసింది.

శిక్ష మాత్రం అద్భుతంగా అమలైంది. దూడకు చెవి ట్యాగు వేయాలన్నా, గిట్ట కొయ్యాలన్నా, ముందు మా ఇంటి ముందర పొయ్యి వెలుగుతుంది. రాంచంద్రారెడ్డి కుర్చీ వేసుకుని, చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకుని కూర్చుంటాడు.

"ఇగ తియ్యొచ్చునా పటేలా?" అంటాడు తాత, ఏమీ ఎరగనట్టు.

"ఏయ్, ముట్టకు! ఇంక నాలుగు నిమిషాలున్నది. ముందుగాల సల్లనీళ్లల్ల కడిగినవా? నిజం చెప్పు, నీ మీద నమ్మకం లేదు!"

తాత ముఖంలో ఆనందం దాచుకోవడం చాతకాక పొయ్యిలోకి వంగి ఊదేవాడు. ముప్పై నాలుగేళ్లు బతిమాలినా రాని అలవాటు, ఆయన ఒక్క పూట తిట్లు తినగానే వాడ మొత్తానికి వచ్చేసింది. ఒకరోజు పటేలే ఎర్రగుడ్డ విప్పి, ఎవరూ అడగకుండానే, వాళ్ల తాత దబ్బనాన్ని కూడా కుక్కర్లో వేశాడు. వేసి, చుట్టూ చూసి, "ఏం జూస్తున్నరు? నీళ్లు జూడుండ్రి!" అని అందరినీ గదమాయించాడు.

ఆ నెలాఖరున డాక్టరమ్మ మా దూడను చూడడానికి వచ్చింది. తాత ఆ నెలంతా దూడ మూతికి చిక్కం కట్టి ఉంచాడు. మట్టి తింటోందని చెప్పాడు. పాలు తాగించేటప్పుడు మాత్రం ఆయనే, తలుపేసుకుని, విప్పేవాడు. ఆ సమయానికి ఆయన ఇంట్లో లేడు. డాక్టరమ్మ చిక్కం విప్పమంది. విప్పాను. నల్లగా, నున్నగా, తడిగా ఉంది దూడ ముక్కు. బొక్క లేదు. బొక్క ఉండిన గుర్తూ లేదు.

నేను వంగి వేలితో తడిమి మళ్లీ చూశాను. డాక్టరమ్మ నవ్వింది.

"నువ్వూ నమ్మేశావా హర్షితా? ఈ దూడకి రోగం లేదని నా కాగితంలోనే ఉందమ్మా. అయినా రాత్రంతా పెట్టెలో ఎండిన దబ్బనం మీద ఆ పురుగు బతకదు. తడి ఆరకముందే ఒక పశువు నుంచి ఇంకో పశువుకి గుచ్చితేనే వెళ్తుంది. ఈ సంగతి నేను కాలేజీలో చదువుకున్నాను. మీ తాతగారికి నేను పుట్టకముందే తెలుసు."

"మరి ఆ రోజు చెప్పకపోయినరా మేడం?"

"చెప్పబోయాను. ఆయన నల్లద్దాలు కొంచెం కిందికి దించి నా వంక చూశారు. సూది మార్చడం మర్చిపోయినంత భయమేసింది నాకు."

సాయంత్రం తాత కట్టెల మోపుతో వచ్చాడు. నేను దూడ మెడ పట్టుకుని ఆయనకు ఎదురుగా నిలబడ్డాను.

"తాతా, దీని ముక్కుకు బొక్కేది?"

ఆయన మోపు దించి, నిమ్మళంగా తలగుడ్డ విప్పుకున్నాడు.

"పూడుకపోయింది."

"నెలకేనా? గుర్తు గూడ లేకుండనా?"

"మంచిగ కుట్టిన, మంచిగ పూడింది."

"అబద్ధమాడినవ్ తాతా. పటేలుకు తెలుసు, మేడంకు తెలుసు, నాయనమ్మకు తెలుసు. నేనొక్కదాన్నే పిచ్చిదాన్నైన. నెల రోజుల సంది వాడంత నిన్ను లుంగీ అంజిలయ్య అంటుంది, నేను గూడ అంటిని. ముప్పై నాలుగేండ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు, ఒక్క పూటల పోగొట్టుకున్నవ్ గద!"

తాత దూడ ముక్కును అరచేత్తో ఒకసారి తుడిచి, నా వైపు చిరాగ్గా చూశాడు.

"పేరును పిండితె చెంబెడు పాలొస్తయానే? పో, ఆ చిక్కం కట్టు."